తాళాలతో పాటు ఏడాది డీజిలు కూడా ఇవ్వండి

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా ఆఫీసు ఫోను ఎక్కువగా మోగుతుంది. పాడేరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు లెక్కలు, కాగితాలు చూసేది నేనే. జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో కొండల మీద ఉన్న ఊళ్లకు వైద్య బృందాన్ని తీసుకెళ్లడం, అక్కడి రోగులను ఆసుపత్రికి దించడం మా పని. ఫోన్ చేసేవాళ్లు విశాఖపట్నం నుంచో, హైదరాబాద్ నుంచో, ఒక్కోసారి డాలస్ నుంచో మాట్లాడతారు. మాట మాత్రం ఇంచుమించు ఒకటే. “అమ్మా, మా దగ్గర పాత ఫోర్ బై ఫోర్ ఒకటుంది. ఎవరికో అమ్మేయడానికి మనసు రావట్లేదు. మీకిస్తే కొండల్లో పనికొస్తుంది కదా?”

పనికొస్తుంది. ఎంత పనికొస్తుందో ముందు చెప్పాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మన్యంలో ఉన్నవాళ్లకు తెలుసు. కానీ ఆ వాహనం మంచి రోడ్డు ఉన్నంతవరకే రాగలదు. ఆ పైన ఎర్రమట్టి దారి, రాళ్లు తేలిన మెరక, మధ్యలో గెడ్డ, అంటే వాగు. అలాంటి చోట్లకని ఫీడర్ అంబులెన్సుల పేరుతో మోటారు సైకిళ్లు పెట్టారు. మేలు జరిగింది. గెడ్డలో నీళ్లు మోకాలి దాకా వస్తే అవీ ఆగిపోతాయి. ఇక మిగిలేది డోలీయే. కర్రకు దుప్పటి కట్టి, నిండు చూలాలిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ మోసుకొస్తారు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే జీపు ఆ దారిలో ఇంకో నాలుగైదు కిలోమీటర్లు లోపలికి వెళ్లగలదు. అంత దూరం డోలీ మీదైతే గంట పైనే పడుతుంది. రక్తస్రావం అవుతున్న మనిషికి ఆ గంట విలువేమిటో ఏ ఏఎన్ఎంని అడిగినా చెబుతుంది.

బండి కావాల్సింది ప్రాణం మీదికొచ్చిన రోజుల్లోనే కాదు. టీకాల డబ్బా చల్లదనం పోకుండా ఊరికి చేరాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు నొప్పులు మొదలైతే ఆ రాత్రే దించాలి. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లిని, పసిగుడ్డును రోడ్డు చివర దించేసి వెళ్లిపోతే ఆమె మిగతా దూరం నడవాలి. పచ్చి బాలింత కొండెక్కి నడవడం ఎంత బాధో రాయనక్కర్లేదు. ఇలాంటి పనులన్నీ ఒక పాత జీపు చేస్తుంది.

ఇంత చెప్పి కూడా, మాకు ఇస్తామన్న బండ్లలో చాలా వాటిని వద్దని చెప్పాల్సి వస్తోంది. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. బండి దానం ఎక్కడ పూర్తవుతుందనే దగ్గరే తేడా వస్తోంది. తాళాలు చేతిలో పెట్టి ఫొటో దిగడంతో పూర్తయిందని దాతలు అనుకుంటున్నారు. ఆ రోజు మాకు మొదలయ్యే ఖర్చు, పూచీ రెండూ వారికి కనబడటం లేదు. ఆవును దానమిచ్చి గడ్డి సంగతి మీరే చూసుకోండి అన్నట్టుగా ఉంటోంది. గడ్డికి స్తోమత లేని ఇంట్లో ఆ ఆవు బతకదు.

ముందు బండి సంగతి. ఎత్తుగా ఉన్నంత మాత్రాన బండి కొండకు పనికొస్తుందని కాదు. మన దేశంలో ఎస్‌యూవీ పేరుతో అమ్ముడయ్యే వాటిలో అత్యధికం రెండు చక్రాలకే ఇంజన్ బలం అందేవి. పైకి ఒకేలా ఉంటాయి. బురద మెరక మీద ఆ రెండు చక్రాలు తిరిగి తిరిగి గొయ్యి తవ్వుతాయి తప్ప బండి కదలదు. మా డ్రైవరు చింతపల్లి వైపు మనిషి, మన్యం దారులన్నీ ఎరిగినవాడు. ఎవరైనా బండి చూపిస్తే అతను రంగు చూడడు, సీట్లు చూడడు. తలుపు తీసి చిన్న గేరు రాడ్డు ఉందా లేదా అని చూస్తాడు. “ఫోర్-లో గేరు పడితేనే కొండ ఎక్కుద్దమ్మా, లేకపోతే ఎంత పెద్ద బండైనా కింద నిలబడిపోవాల” అంటాడు. ఆ తరవాత బండి కిందికి దూరి ఛాసిస్ తుప్పు చూస్తాడు. సముద్రపు గాలికి విశాఖ బండ్లు పైకి మెరుస్తున్నా కింద తినేసి ఉంటాయి.

ఏ కంపెనీ బండి అన్నది కూడా ముఖ్యమే. క్లచ్ ప్లేట్లు పోతే నర్సీపట్నంలోనో, చోడవరంలోనో దొరకాలి. మా మెకానిక్ చేతికి అలవాటైన ఇంజను కావాలి. అందుకే పాత బొలెరో ఫోర్ వీల్ డ్రైవ్, థార్, జిప్సీ అంటే మాకు ప్రాణం లేచి వస్తుంది. ఖరీదైన విదేశీ కంపెనీ బండి ఇస్తామంటే గౌరవంగానే వద్దంటాం. దాని సెన్సరు ఒకటి పాడైతే విశాఖకు లారీ మీద ఎక్కించి పంపాలి. ఆ కిరాయికి ఇక్కడ మందులు కొనుక్కోవచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చింది. ఆ డీజిల్ బండ్లలో పొగగొట్టం దగ్గర మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు మంచి వేగంతో కొంత దూరం పోవాలి. మా దారుల్లో రోజంతా మొదటి గేరు, రెండో గేరే. ఫిల్టరు మూసుకుపోయి, ఇంజన్ బలం తగ్గి, మీటరు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. దేశమంతా బీఎస్-4 అమల్లో ఉన్న 2017 నుంచి 2020 మధ్యకాలపు డీజిల్ ఫోర్ బై ఫోర్ మాకు అన్నిటికన్నా నప్పుతుంది. ఆ గొడవలు తక్కువ, వయసూ మించలేదు. పదిహేనేళ్లు దాటిన బండైతే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. కార్లకు ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. రుసుము కన్నా, పరీక్షలో నెగ్గేలా బండిని సిద్ధం చేయడానికే ఎక్కువవుతుంది.

సరదాకి అడవుల్లో నడిపేవాళ్లు బండికి చాలా హంగులు చేయిస్తారు. ఎత్తు పెంచిన సస్పెన్షన్, కంపెనీ కొలతకు మించిన టైర్లు, ముందు ఇనుప బంపరు, పైన దీపాల వరస. తయారీదారు ఇచ్చిన రూపాన్ని, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలను మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అలాంటి బండి సంస్థ పేరు మీదికి మారాలన్నా, ఫిట్‌నెస్‌కు వెళ్లాలన్నా చిక్కే. హంగులు విప్పి, అసలు టైర్లు వేసి ఇవ్వండి. స్టెప్నీతో కలిపి అయిదూ ఒకే కొలతవి కావాలి. కొలత తేడా ఉన్న టైర్లతో ఫోర్ వీల్ వేసి నడిపితే గేర్లు దెబ్బతింటాయి.

ఇక కాగితాలు. నా బాధంతా ఇక్కడే ఉంది.

ఒక పెద్దమనిషి మాకు మంచి స్కార్పియో ఇచ్చారు. ఫోర్ బై ఫోర్, ఇంజన్ భేషుగ్గా ఉంది. పేరు మార్పు మాత్రం “వచ్చే నెలలో చూద్దాం” అన్నారు. బండి మీద పాత బ్యాంకు అప్పు తీరిపోయింది కానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు నుంచి లేఖ, ఫారం 35 వస్తే తప్ప ఆ పేరు తొలగదు. ఆయన ఉద్యోగం మీద వేరే రాష్ట్రం వెళ్లారు. ఇన్సూరెన్స్ గడువు దాటింది. ఆ బండిని మేం రోడ్డెక్కించలేదు. ఒక వానాకాలమంతా అది షెడ్డులో నిలబడితే, మా బృందం అద్దె జీపుల్లో తిరిగింది. నడపగలిగిన బండి కళ్లెదుట ఉండి, గర్భిణి కోసం అద్దె బండి వెతకడం ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించాను.

కాగితం లేకుండా ఎందుకు నడపలేదని కొందరు అడిగారు. ప్రమాదం జరిగితే పూచీ ఎవరిది? చట్టం దృష్టిలో రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వారే యజమాని. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఆ కేసులోని బండి అప్పటికే చేతులు మారింది, ఒకరి నుంచి ఇంకొకరికి పోయింది. అయినా ఆర్సీలో పేరున్న మొదటి మనిషే పరిహారం కట్టాలని చెప్పింది. అంటే పేరు మార్చకుండా బండి దానం చేసిన మనిషి, తను చూడని ఘాట్ రోడ్డులో తను ఎరగని డ్రైవరు చేసే ప్రమాదానికి పూచీ పడుతున్నారు. సాయం చేసిన పాపానికి కోర్టు మెట్లెక్కే గతి ఏ దాతకూ పట్టకూడదు. సంస్థ వైపు నుంచి ఇంత పట్టుబట్టడానికి అదే కారణం.

చేయాల్సింది బ్రహ్మవిద్య కాదు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు కలిసి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయాలి. ఇచ్చినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, పుచ్చుకున్నవారు 30 రోజుల్లో. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పెండింగ్ చలానాలు కట్టేయాలి. బండి అప్పగించిన తేదీ, గంట, మీటరు రీడింగ్ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే మంచిది. హైదరాబాద్ బండి మాకు ఇవ్వాలంటే ఇంకో మెట్టుంది. ఫారం 28తో నిరభ్యంతర పత్రం తెచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి రిజిస్టర్ చేయించి, బండి వయసును బట్టి ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. బండి ఉచితంగా వచ్చినా ఆ పన్ను ఉచితంగా రాదు. అది ఎవరు కడతారో ముందే మాట్లాడుకోవాలి.

పన్ను మినహాయింపు గురించి కూడా నిక్కచ్చిగా చెప్పాలి. మార్చిలో ఫోన్లు ఎక్కువయ్యేది దానికోసమే. ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే వస్తుంది. వస్తువుకు, వాహనానికి రాదు. ఐదు లక్షల బండి ఇచ్చి రసీదు అడిగితే, బండి ముట్టిందని రాసి ఇవ్వగలం కానీ పన్ను తగ్గించే రసీదు ఇవ్వలేం. ఆ మినహాయింపు కావాలనుకునేవారు బండి అమ్మి, ఆ సొమ్ము చెక్కుతోనో, బ్యాంకు ద్వారానో పంపాలి. నగదైతే 2,000 రూపాయలు దాటితే లెక్కలోకి రాదు. అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ మాట వింటే ఆశ్చర్యపోతారు. అక్కడ ఫోన్ చేస్తే వచ్చి బండి ఎత్తుకెళ్తారు, పన్ను తగ్గుతుంది. అక్కడి పద్ధతిలోనూ ఒకప్పుడు పెద్ద లోపం ఉండేది. అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసే జీఏఓ సంస్థ 2003లో 54 వాహన దానాలను వెనక్కి తవ్వి చూసింది. మూడింట రెండొంతుల వాటిలో, దాతలు తమ పన్ను లెక్కల్లో చూపిన విలువలో 5 శాతమో, అంతకంటే తక్కువో సేవా సంస్థకు చేరింది. మిగతాది వేలం ఖర్చులకు, మధ్యవర్తులకు పోయింది, లేదా అంత విలువ అసలు ఆ బండికి లేనే లేదు. దాంతో చట్టం మార్చారు. 2005 నుంచి 500 డాలర్లు దాటిన మినహాయింపుకు, సంస్థ ఆ బండిని ఎంతకు అమ్మిందో అంతే లెక్క. సంస్థే దాన్ని తన పనికి గట్టిగా వాడినా, బాగా మరమ్మతు చేయించినా, పేదవారికి ఇచ్చినా పూర్తి మార్కెట్ విలువ చూపించుకోవచ్చు. బండి నిజంగా పనిలో పడితేనే గుర్తింపు అన్న ఆ సూత్రం నాకు నచ్చింది. మన దగ్గర కూడా, సంస్థ పేరు మీదికి మారి ఏడాది పాటు సేవలో నడిచిన బండికి దాతకు పన్నులో కొంత మినహాయింపు ఇస్తే తప్పేముంది? షెడ్డుల్లో తుప్పు పట్టే ఎన్నో జీపులు కొండలెక్కుతాయి.

డాలస్ నుంచి ఫోన్ చేసేవారికి ఇంకో మాట. మీరు భారత పౌరులుగానే ఉంటే, విశాఖలో నాన్నగారి ఇంట్లో మీ పేరున ఉన్న జీపు మాకు ఇవ్వడానికి అడ్డు లేదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. వస్తువైనా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. పెద్ద సంస్థలకు అది ఉంటుంది, మాలాంటి చిన్నవాటిలో చాలావాటికి ఉండదు. మొహమాటపడి తీసుకుంటే మొత్తం సంస్థకే ముప్పు.

ఇప్పుడు డీజిలు లెక్క. పాడేరు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ సుమారు 110 కిలోమీటర్లు. నిండుగా మనుషులెక్కిన పాత ఫోర్ బై ఫోర్ ఘాట్ రోడ్డులో లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. ఒక రోగిని దించి తిరిగి రావడానికి దాదాపు 25 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలకు దగ్గరగా ఉంది కాబట్టి 2,500 రూపాయలు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే డీజిలుకే 16,000 దాటుతుంది. డ్రైవరు జీతం 15,000. పదిహేను వందల సీసీ దాటిన ఇంజనుకు థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. టైర్లు, బ్రేకు షూలు, క్లచ్, ఆయిలు కలుపుకుంటే ఏడాదికి నాలుగు లక్షల పైమాటే. బండి బజారు ధర కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే ఒక పాత జీపు ఇచ్చినప్పుడు, దాని ధరంత ఖర్చు ప్రతి ఏడాదీ సంస్థ మీద పడుతోంది.

అంతా దాతే పెట్టాలని అడగను. కానీ మొదటి ఏడాది డీజిలైనా బండితో పాటు రావాలి. సుమారు రెండు లక్షలు. ఒక్కరికి భారమైతే నలుగురు కలవొచ్చు. సెలవు రోజుల్లో జీపులేసుకుని అరకుకో, వికారాబాద్ అడవులకో వెళ్లే బృందాలు చాలా ఉన్నాయి. ఒక బృందం కలిసి ఒక బండిని దత్తత తీసుకుంటే ఎంత బాగుంటుంది! మీకు తెలిసిన విద్య కూడా మాకు కావాలి. బురదలో దిగబడిన బండిని తాడు కట్టి ఎలా లాగాలి, గెడ్డ దాటే ముందు లోతు ఎలా చూసుకోవాలి, దిగుడులో బ్రేకు తొక్కకుండా గేరు మీద ఎలా దించాలి అన్నవి ఏడాదికోసారి వచ్చి మా డ్రైవర్లకు నేర్పండి. అది కూడా దానమే.

బండి మా దారికి నప్పనప్పుడు అమ్మి సొమ్మివ్వడమే మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. గురువాయూరు గుడికి 2021 డిసెంబరులో మహీంద్రా సంస్థ కొత్త థార్ సమర్పించింది. దేవస్థానం దాన్ని వేలం వేసింది. మొదట 15.10 లక్షలకు పోయింది. వివాదం వచ్చి, 2022 జూన్‌లో తిరిగి వేలం వేస్తే 43 లక్షలు పలికింది. గుడికి జీపు అక్కర్లేదు, సొమ్ము అక్కరకొచ్చింది. నగరంలో మీ బండికి మంచి ధర వస్తుంటే అక్కడే అమ్మండి. ఆ డబ్బుతో మా దారికి తగిన పాత బొలెరో కొనుక్కుని, మిగిలింది డీజిలుకు ఉంచుకుంటాం.

ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సిన పనులు కదా అనేవారున్నారు. రోడ్డు వేయాల్సింది ప్రభుత్వమే, అందులో నాకు సందేహం లేదు. 2025 ఏప్రిల్‌లో మా ప్రాంతంలోనే, డుంబ్రిగూడ మండలంలో, గిరిజన ఊళ్లకు రోడ్లు వేసే ‘అడవి తల్లి బాట’ మొదలైంది. రోడ్లు పడుతున్న కొద్దీ డోలీలు తగ్గుతాయి, తగ్గాలి. మా జీపు అవసరం లేని రోజు రావాలనే కోరుకుంటున్నాను. ఆ రోడ్డు పడే లోపు కాన్పులు ఆగవు, జ్వరాలు ఆగవు. ఈ మధ్యకాలానికే మీ బండి కావాలి. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. దాని మీద అంబులెన్స్ అని రాయించి సైరన్ పెట్టి ఇవ్వకండి. అంబులెన్సుకు వేరే ప్రమాణాలు, వేరే రిజిస్ట్రేషన్ ఉన్నాయి. మామూలు బండిగానే ఇవ్వండి. రోగిని డబ్బు తీసుకోకుండా చేర్చడానికి అది చాలు.

మాకే ఇవ్వాలని లేదు. ఉట్నూరు వైపు, భద్రాచలం వైపు, సీలేరు వైపు ఇలాంటి పనిచేసే సంస్థలున్నాయి. ఎవరికిచ్చినా ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. డ్రైవరు ఉన్నాడా? బండి పెట్టే చోటుందా? పేరు మార్పు కాగితాల మీద సంతకం చేసే అధికారం ఎవరిది? ఏడాది ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుంది? జవాబు తడబడితే ఆ సంస్థకు బండి బదులు డబ్బివ్వండి. ఫోన్ చేసే ముందు ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చివరిసారి సర్వీసు చేయించిన బిల్లు దగ్గర పెట్టుకోండి. వానలు జూన్‌లో మొదలవుతాయి. పేరు మార్పుకు నెల పడుతుంది కాబట్టి, ఈ ఏడాది వానలకు బండి కొండెక్కాలంటే ఏప్రిల్‌లోనే మీరు సంతకాలు పెట్టాలి.